గప్పీ తోక కుళ్లుకు షాపుల్లో దొరికే మందులు: ఏది పనికొస్తుంది, ఏది దండగ

గప్పీ తోక అంచు చిరిగినట్టు కనపడగానే చాలామంది నేరుగా అక్వేరియం షాపుకెళ్లి "తోక రాలిపోతోంది, ఏదైనా మందివ్వండి" అని అడుగుతారు. షాపతను నీలం సీసానో పసుపు సీసానో చేతిలో పెట్టి రోజుకి పది చుక్కలు వెయ్యమంటాడు. ట్యాంకు ఎన్ని లీటర్లని ఆయన అడగడు, సీసాలో ఏముందని వీళ్లూ అడగరు. వారం తిరిగేలోపు చేప పోతే "గప్పీలు బతకవండీ" అనేస్తారు. గప్పీలు నిజానికి గట్టి చేపలు. దోమల లార్వాను తింటాయని 1908లోనే మన దేశానికి తెచ్చి చెరువుల్లో, బావుల్లో వదిలిన జాతి ఇది. రంగుల కోసం, వెడల్పు తోక కోసం తరతరాలుగా దగ్గరి రక్తసంబంధమున్న చేపల్నే జతకలిపి పెంచడం వల్ల ఫ్యాన్సీ రకాలు కొంత బలహీనపడ్డ మాట నిజమే. అయినా సరైన నీళ్లుంటే ఇప్పటికీ తేలిగ్గానే బతుకుతాయి.

ఇక్కడ సమీక్షిస్తున్నవి ఏపీఐ ఫ్రెష్‌వాటర్ మాస్టర్ టెస్ట్ కిట్ (నీళ్లను పరీక్షించే డబ్బా), వంటింటి కల్లుప్పు, మిథిలిన్ బ్లూ, ఏపీఐ మెలాఫిక్స్, ఏపీఐ ఫ్యూరాన్-2, సీకెమ్ కనాప్లెక్స్. ఏపీఐ, సీకెమ్ అనేవి కంపెనీల పేర్లు. కొనాల్సిన వరుస ముందే చెబుతున్నాం: మొదట టెస్ట్ కిట్, తర్వాత ఉప్పు, ఆ రెండింటితో ఆగకపోతేనే యాంటీబయాటిక్. మందు పేరు, శాతం రాయని సీసా ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

ముందు తోకను సరిగ్గా చూడండి

ట్యాంకు లైటు ఆర్పేసి, ఫోను టార్చి చేప వెనక నుంచి వెయ్యండి. తోక పల్చటి పొర కాబట్టి వెలుతురు దాని గుండా వచ్చి అంచు స్పష్టంగా తెలుస్తుంది.

అంచు తెల్లగా, మసగ్గా, పీచుపీచుగా ఉండి, రోజురోజుకీ లోపలికి జరుగుతూ ఉంటే అది కుళ్లు. కొన్నిసార్లు ఆ తెలుపు వెనకాలే సన్నటి ఎర్ర గీత కూడా కనపడుతుంది. ఏరోమోనాస్, సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా దీనికి కారణం. ఇవి ఎప్పుడూ నీళ్లలో ఉండేవే, చేప నీరసపడ్డప్పుడు మీద పడతాయి.

అర్ధచంద్రాకారంలో ముక్క ఎగిరిపోయి, మిగతా అంచు శుభ్రంగా ఉంటే ఎవరో కొరికారు. టైగర్ బార్బ్, సర్పే టెట్రా, బెట్టా లాంటి కొరికే చేపలు పక్కనుంటే వేరే అనుమానం అక్కర్లేదు. మగ గప్పీలు ఎక్కువై ఆడవి తక్కువైనా ఇదే జరుగుతుంది. ఒక మగదానికి రెండు మూడు ఆడవి ఉండేట్టు చూసుకోవాలి. తోక నిలువుగా చీలి, చీలిక అంచుల్లో తెలుపు లేకపోతే ప్లాస్టిక్ మొక్కకో ఫిల్టర్ నీళ్లు పీల్చే గొట్టానికో తగిలి చిరిగినట్టు. పాత సిల్కు గుడ్డ ముక్కను ఆ ప్లాస్టిక్ మొక్క మీద లాగి చూడండి. పోగులు లేస్తే తోక కూడా అక్కడ చిరుగుతుంది, ఆ మొక్క తీసేయండి. ఈ రెండింటికీ మందు అవసరం లేదు. కారణం తీసేసి నీళ్లు శుభ్రంగా ఉంచితే రెండు నుంచి నాలుగు వారాల్లో తోక పూడుకుంటుంది.

తోక చిరగలేదు గానీ విసనకర్ర మూసినట్టు ముడుచుకుపోయి, చేప ఉన్నచోటే వణుకుతూ ఊగుతోందంటే నీళ్లను అనుమానించండి. ఆర్వో నీళ్లు పోసిన ట్యాంకుల్లో ఇది మామూలు. గప్పీకి పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణపు కొలత) 7 నుంచి 8, కాఠిన్యం (కరిగిన కాల్షియం, మెగ్నీషియం) బాగానే ఉన్న నీళ్లు కావాలి. ఆర్వో మెషిను ఖనిజాల్లో చాలా భాగం తీసేస్తుంది. తాగడానికి మంచివని ఆ నీళ్లే చేపలకూ పోస్తున్న ఇళ్లు చాలా ఉన్నాయి. ఉప్పగా ఉంటాయని మనం తిట్టుకునే బోరు నీళ్లు గప్పీలకు చాలాచోట్ల బాగా సరిపోతాయి.

ఇక అన్నిటికన్నా ప్రమాదకరమైనది కాలమ్నారిస్. వెన్ను రెక్క చుట్టూ జీను వేసినట్టు బూడిద రంగు మచ్చ, మూతి దగ్గర దూది లాంటి తెలుపు, తోక మొదట్లో పాలిపోయిన పట్టీ దీని గుర్తులు. చూడ్డానికి బూజులా ఉన్నా ఇది బ్యాక్టీరియా జబ్బే. ఒకటి రెండు రోజుల్లో చంపేయగలదు. నీళ్లు వేడెక్కే కొద్దీ ఇంకా జోరందుకుంటుంది కాబట్టి, జబ్బు చేసిందని హీటరు పెంచేయడం ఇక్కడ నేరుగా హాని.

ఏపీఐ మాస్టర్ టెస్ట్ కిట్: మొదటి ఖర్చు ఇదే

ధర చూసి వెనక్కి తగ్గేవాళ్లే ఎక్కువ. ఏడాదిలో కొనే మందు సీసాల డబ్బంతా కూడితే ఇది భారం కాదు. డబ్బాలో పీహెచ్, హై రేంజ్ పీహెచ్, అమోనియా (చేపల వ్యర్థాల నుంచి పుట్టే విషం), నైట్రైట్, నైట్రేట్ (ఫిల్టర్‌లోని మంచి బ్యాక్టీరియా అమోనియాను మార్చగా వరసగా వచ్చేవి) పరీక్షలుంటాయి. మొత్తం 800 పరీక్షలకు సరిపోతుందని కంపెనీ లెక్క. కాఠిన్యం పరీక్ష ఇందులో లేదు, దాని కిట్ విడిగా కొనాలి. ఇదొక లోటే.

అమోనియాకు గాజు గొట్టంలో 5 మి.లీ. ట్యాంకు నీళ్లు తీసుకుని, మొదటి సీసా నుంచి 8 చుక్కలు, రెండో సీసా నుంచి 8 చుక్కలు వేసి కలిపి, 5 నిమిషాలాగి రంగు చూడాలి. నైట్రైట్‌కు 5 చుక్కలు, 5 నిమిషాలు. నైట్రేట్ దగ్గరే అందరూ తప్పు చేస్తారు. అందులో రెండో సీసా అడుగున మందు పేరుకుంటుంది. వాడే ముందు ఆ సీసాను 30 సెకన్లు గట్టిగా ఊపాలి, చుక్కలు వేశాక గొట్టాన్ని మరో నిమిషం ఊపాలి. అలా చెయ్యకపోతే నైట్రేట్ ఎంతున్నా తక్కువే చూపిస్తుంది, నీళ్లు బాగున్నాయని నమ్మేస్తాం. చుక్కలు వేసేటప్పుడు సీసా నిలువుగా తలకిందులుగా పట్టుకోండి. వంచి పడితే చుక్క సైజు మారిపోతుంది.

అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. నైట్రేట్ 20 పీపీఎం (లీటరుకు 20 మి.గ్రా.) లోపుంటే హాయి, 40 దాటకూడదు. అమోనియా 0.5 చూపిస్తే ఎంత భయపడాలన్నది పీహెచ్ మీద ఆధారపడుతుంది. 28 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమోనియాలో విషపు రూపం ఒక శాతం కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే అది ఆరు శాతం దాటుతుంది. అంటే దాదాపు పది రెట్లు. మన గప్పీ ట్యాంకులు ఎక్కువగా 8 దగ్గరే ఉంటాయి కనుక, పీహెచ్ తక్కువుండే మెత్తటి నీళ్ల ట్యాంకులో నడిచిపోయే అమోనియా ఇక్కడ మొప్పల్నీ తోకనీ కాల్చేస్తుంది. తోక కుళ్లు కేసుల్లో ఎక్కువ భాగం ఇక్కడే మొదలవుతాయి. కొత్త ట్యాంకు పెట్టిన మొదటి నెల, ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద రుద్ది కడిగిన వారం, కొత్త చేపల్ని ఒకేసారి డజను వదిలిన వారం బాగా గుర్తుంచుకోవాల్సిన రోజులు.

అమోనియా కనపడితే ఒక రోజు మేత ఆపి, ట్యాంకులో మూడో వంతు నుంచి సగం నీళ్లు మార్చండి. కుళాయి నీళ్లలో క్లోరిన్ తీయడానికి సీకెమ్ ప్రైమ్ అయితే 200 లీటర్లకు 5 మి.లీ. చొప్పున, 20 లీటర్ల బకెట్టుకు 0.5 మి.లీ. చాలు. మూతతో అంత తక్కువ కొలవలేం. మందుల షాపులో 1 మి.లీ. సిరంజి కొనుక్కుని సూది తీసేసి వాడండి. చవగ్గా దొరికే యాంటీ క్లోరిన్ సీసాల్లో మామూలుగా ఉండే సోడియం థయోసల్ఫేట్ కూడా క్లోరిన్ వరకు బాగానే పనిచేస్తుంది, అమోనియాను మాత్రం ఏమీ చెయ్యదు.

కల్లుప్పు

ఆంధ్రాలో కల్లుప్పు, తెలంగాణలో దొడ్డుప్పు. అక్వేరియం సాల్ట్ పేరుతో వచ్చే డబ్బాలో ఉండేదీ సోడియం క్లోరైడే, అందుకే కిరాణా ప్యాకెట్‌నే తీసుకోమంటాం. అయోడిన్ కలిపిన ఉప్పు చేపను చంపుతుందన్న భయం అక్కర్లేదు, ఈ మోతాదులో అది లెక్కలోకి రాదు. మసాలా, మూలికలు కలిపిన ఉప్పు మాత్రం వద్దు.

చికిత్స విడిగా ఒక 20 లీటర్ల టబ్బులో చెయ్యండి. మొదటి రోజు లీటరుకు 1 గ్రాము, అంటే 20 గ్రాములు. చెంచాతో కాదు, వంటింటి త్రాసుతో తూచండి, గింజ సైజును బట్టి చెంచా బరువు చాలా మారుతుంది. ఒక మగ్గు ట్యాంకు నీళ్లలో పూర్తిగా కరిగించి నెమ్మదిగా పోయాలి. రెండో రోజు మరో 20, మూడో రోజు మరో 20. లీటరుకు 3 గ్రాములు దాటొద్దు. ఆ మట్టంలో వారం నుంచి పది రోజులు ఉంచవచ్చు, గప్పీలు ఇబ్బంది పడవు.

ఉప్పు నీటితో పాటు ఆవిరైపోదు. 5 లీటర్లు మారిస్తే ఆ 5 లీటర్లకే 15 గ్రాములు కలపాలి. ఆవిరై తగ్గిన నీళ్లకు బదులు పోసే నీళ్లలో ఉప్పు వెయ్యకూడదు. ఇది పట్టించుకోకపోతే వారంలో మోతాదు ఎక్కడికో వెళ్లిపోతుంది.

ఉప్పు ఈ మోతాదులో బ్యాక్టీరియాను పెద్దగా చంపదు. చేప ఒంట్లోంచి లవణాలు బయటికి కారిపోకుండా భారం తగ్గిస్తుంది, నైట్రైట్ మొప్పల్లోంచి రక్తంలోకి వెళ్లకుండా క్లోరైడ్ అడ్డుపడుతుంది, బూజును అదుపులో పెడుతుంది. అంచు వరకే ఉన్న కుళ్లుకు శుభ్రమైన నీళ్లూ ఉప్పూ కలిసి చాలాసార్లు సరిపోతాయి. తోకలో మూడో వంతు పోయినా, కాలమ్నారిస్ అని తేలినా ఉప్పుతో కాలక్షేపం చెయ్యొద్దు. మెయిన్ ట్యాంకులో మొక్కలు, కోరీడోరాస్ (అడుగున తిరిగే చిన్న క్యాట్‌ఫిష్‌లు) ఉంటే అక్కడ ఈ మోతాదు అసలే వద్దు.

మిథిలిన్ బ్లూ

ప్రతి షాపులో ఉండే నీలం సీసా ఇది. బూజుకు, గుడ్లకు, నైట్రైట్ దెబ్బ తిన్న చేపకు నిజంగా మంచి మందు. తోక కుళ్లుకు మాత్రం బలహీనం. లోపలికి దిగిన బ్యాక్టీరియాను అది అందుకోలేదు.

మోతాదు లీటరుకు 3 మి.గ్రా. అనుకుందాం. 20 లీటర్లకు 60 మి.గ్రా. కావాలి. 1 శాతం ద్రావణమైతే 6 మి.లీ., అదే 0.1 శాతం అయితే 60 మి.లీ. వెయ్యాలి. సీసా మీద శాతం రాసి లేకపోతే మనం వేసేది సరైన మోతాదా, పదో వంతా, పది రెట్లా తెలిసే దారే లేదు. పది చుక్కలన్న సలహాను అందుకే నమ్మలేం. పైగా ఇది ఫిల్టర్‌లోని మంచి బ్యాక్టీరియాను చంపేస్తుంది, ట్యాంకు మూలల్లో గాజును అతికించిన సిలికాన్‌ను శాశ్వతంగా నీలం చేస్తుంది. ఎప్పుడు వాడినా విడి టబ్బులోనే.

మెలాఫిక్స్

కాజుపుట్ చెట్టు నూనెతో చేసింది. 38 లీటర్లకు 5 మి.లీ. చొప్పున ఏడు రోజులు వేసి, చివర 25 శాతం నీళ్లు మార్చమని లేబుల్ చెబుతుంది. వాసన ఘాటుగా ఉంటుంది, నీళ్ల మీద నురగ వస్తుంది, ఎయిర్ స్టోన్ తప్పనిసరి. కొరికిన తోకకు, చిరిగిన తోకకు వాడితే తప్పు లేదు, నీళ్లు బాగుంటే వాడకపోయినా అది మానుతుంది. కుళ్లు లోపలికి జరుగుతున్నప్పుడు దీన్ని నమ్ముకుని ఏడు రోజులు పోగొట్టుకోవద్దు. కొనకపోయినా నష్టం లేని సీసా.

ఫ్యూరాన్-2, కనాప్లెక్స్

ఈ రెండింటికీ ఇక్కడ ఎక్కువ మార్కులు. రెండూ దిగుమతి సరుకు, ఊళ్లో షాపులో తక్కువగా, ఆన్‌లైన్‌లో ఎక్కువగా దొరుకుతాయి. అవసరం పడ్డాక ఆర్డర్ పెడితే పార్సెల్ వచ్చేసరికి చేప ఉండదు కనుక ఒకటి ముందే ఇంట్లో పెట్టుకోండి.

ఫ్యూరాన్-2లో ముఖ్యమైన మందు నైట్రోఫ్యూరజోన్. ఒక ప్యాకెట్ 38 లీటర్లకు. 20 లీటర్ల టబ్బుకు సగం కన్నా పిసరు ఎక్కువ. మొదటి రోజు ఒక మోతాదు, 24 గంటలకు రెండోది, మరో 24 గంటలాగి 25 శాతం నీళ్లు మార్చి, అదే పద్ధతిలో ఇంకో రెండు మోతాదులు. నాలుగూ పూర్తి చెయ్యాల్సిందే. రెండో రోజుకే చేప చురుగ్గా తిరుగుతోందని ఆపేస్తే మిగిలిన బ్యాక్టీరియా తిరిగొచ్చేటప్పుడు మందుకు లొంగకపోవచ్చు. వెలుతురుకు ఈ మందు పాడవుతుంది, టబ్బు మీద గుడ్డ కప్పండి. పొడి పీల్చకూడదు, చేతికి తగలకూడదు, గ్లవుజులు వేసుకోండి.

భీమవరం, కైకలూరు వైపు చదువరులకు ఒక ముఖ్యమైన మాట. నైట్రోఫ్యూరాన్లు, అంటే నైట్రోఫ్యూరజోన్ జాతి మందులు, మన దేశంలో తినే చేపలు, రొయ్యల పెంపకంలో నిషేధం. ఈ మందు కలిపిన నీళ్లు ఏ చెరువులోనూ కాలవలోనూ పడకూడదు.

కనాప్లెక్స్‌లో ఉండేది కనామైసిన్. చేప ఒంట్లోకి ఇంకుతుంది, కాబట్టి కుళ్లు తోక మొదలు దాకా వచ్చినప్పుడు, ఒంటి మీద ఎర్ర చారలు కనపడ్డప్పుడు ఇదే మేలు. డబ్బాలో వచ్చే చిన్న కొలచెంచాతో సమంగా ఒకటి, 20 లీటర్లకు. రెండు రోజులకొకసారి, గరిష్ఠంగా మూడు మోతాదులు. అంతకు మించితే కిడ్నీలకు దెబ్బ. కోస్తా జిల్లాల తేమకు పొడి గడ్డకడుతుంది, మూత వెంటనే బిగించి పొడిగా ఉన్న చోట పెట్టండి.

కాలమ్నారిస్ అని గట్టిగా అనిపిస్తే అనుభవమున్నవాళ్లు ఈ రెండింటినీ కలిపి వాడతారు. అప్పుడు నీళ్లను 24 డిగ్రీల వైపు దించగలిగితే ఇంకా మంచిది. ఎండాకాలం హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ ట్యాంకు 32 దాకా వెళ్తుంది. నీటి పైభాగానికి తగిలేలా చిన్న ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆవిరి పెరుగుతుంది కాబట్టి రోజూ నీళ్లు నింపుకోవాలి.

ఏ యాంటీబయాటిక్ వాడినా ఫిల్టర్‌లో కార్బన్ ఉంటే తీసేయండి, లేకపోతే మందంతా అదే పీల్చుకుంటుంది. చికిత్స సాగినన్నాళ్లూ రోజూ అమోనియా చూడాలి.

మనుషుల మందుల షాపు నుంచి టెట్రాసైక్లిన్ క్యాప్సూల్ తెచ్చి విప్పి కలిపే అలవాటు మన దగ్గర బాగా ఉంది. గప్పీ ట్యాంకుకు ఇది సరైన మందు కాదు. టెట్రాసైక్లిన్ జాతి మందులు కాల్షియం, మెగ్నీషియంతో కట్టుకుపోతాయి. గప్పీకి కావాల్సినవే కఠిన జలాలు, బోరు నీళ్లలో ఆ రెండూ దండిగా ఉంటాయి. వేసిన మందులో చాలా భాగం చేపకు అందకుండానే పోతుంది. నీళ్లు ఎర్రబడి నురగ కట్టడమే మిగులుతుంది.

చికిత్స టబ్బుకు కావాల్సిన సామాను

పెద్ద ఖర్చేం లేదు. 20 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు, చిన్న ఎయిర్ పంపు, స్పాంజ్ ఫిల్టర్. ఆ స్పాంజ్ కొత్తది కాకూడదు. మెయిన్ ట్యాంకులో ఎప్పుడూ ఒక స్పాంజ్ అదనంగా నడుపుతూ ఉంటే జబ్బు రోజున దాన్నే ఇందులోకి మార్చొచ్చు. మంచి బ్యాక్టీరియా అందులోనే ఉంటుంది. యాంటీబయాటిక్ వాడిన ఆ స్పాంజ్‌ను మళ్లీ మెయిన్ ట్యాంకులో పెట్టొద్దు. ఎయిర్ పంపును నీటి మట్టం కన్నా పైన పెట్టండి, లేదా గొట్టంలో చెక్ వాల్వ్ వెయ్యండి. కరెంటు పోయినప్పుడు నీళ్లు వెనక్కి పాకి పంపులోకి వెళ్తాయి. వెడల్పు తోక గప్పీలకు స్పాంజ్ ఫిల్టరే మేలు కూడా. పవర్ ఫిల్టర్ల ధార తోకను రోజంతా లాగుతూ ఉంటుంది.

ఎండిన బాదం ఆకు గురించి చాలామంది అడుగుతారు. పదో ఇరవయ్యో ఆకులు కట్టగట్టి ఆన్‌లైన్‌లో అమ్మేది మన వీధి బాదం చెట్టు ఆకే. పురుగుమందు కొట్టని చెట్టు నుంచి రాలిన ఎర్రటి ఆకు కడిగి, 20 లీటర్లకు ఒకటి వెయ్యొచ్చు. నీళ్లను టీ రంగులోకి మార్చి చేపకు కొంత నెమ్మది ఇస్తుంది. దీన్ని మందుగా లెక్కపెట్టొద్దు.

మానుతోందా, ముదురుతోందా

నాలుగైదు రోజులకు అంచున రంగు లేని సన్నటి పొర కనపడుతుంది. దాన్ని మళ్లీ కుళ్లు అనుకుని మోతాదు పెంచేవాళ్లున్నారు. టార్చి వెలుతురులో కొత్త పొర గాజులా పారదర్శకంగా, అంచు నున్నగా ఉంటుంది. కుళ్లు అయితే మసగ్గా, పీచుగా, వెలుతురును ఆపుతూ ఉంటుంది. రోజూ ఒకే కోణంలో ఫొటో తీసి పక్కపక్కన పెట్టి చూస్తే అనుమానం తీరిపోతుంది. రంగు తర్వాత నెమ్మదిగా నిండుతుంది. తోక మొదట్లోని కండ దాకా తినేసి ఉంటే అది పూర్తిగా తిరిగి రాకపోవచ్చు, ఈనెలు వంకరగా మిగలొచ్చు. అలాంటి చేప కూడా హాయిగా తిని తిరుగుతుంది, తీసి పారేయకండి.

మానే రోజుల్లో మేత కొద్దికొద్దిగా రోజుకి రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినేసేంత. గప్పీ నోటికి పట్టే సన్న గుళికలు, మధ్యలో ఆర్టీమియా (ఉప్పునీటిలో పెరిగే రొయ్య లాంటి చిన్న జీవి). మురుగు కాలవల నుంచి పట్టి అమ్మే బతికున్న ట్యూబిఫెక్స్ పురుగుల్ని ఎంత ఇష్టంగా తిన్నా వద్దు, కొత్త జబ్బు దాంతోనే వస్తుంది.

చెన్నైలోని రంగు చేపల కేంద్రం కొళత్తూరు నుంచి వచ్చినవైనా, పక్కవీధి పెంపకందారు ఇచ్చినవైనా కొత్త గప్పీల్ని మూడు నాలుగు వారాలు ఇదే టబ్బులో విడిగా ఉంచాకే మెయిన్ ట్యాంకులో కలపండి. టబ్బుకీ ట్యాంకుకీ వలలు వేరువేరుగా పెట్టుకోండి. ఒకటే వల ఉంటే వాడిన ప్రతిసారీ కడిగి, ఎండలో కరకరలాడేలా ఆరాకే రెండోదాంట్లో ముంచండి.